డ్రైవింగ్ రాకపోయినా... కారు సంగతి తెలియాలి!

‘‘అమ్మా, డోరు తెరుచుకున్యాది!’’

వెనుక సీట్లోంచి మా అబ్బాయి పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. ఆదివారం కదా అని పెద్దతిప్పసముద్రం నుంచి బి.కొత్తకోట మీదుగా హార్సిలీహిల్స్‌కు బయలుదేరాం. ఘాట్ రోడ్డులో ఓ మలుపు తిరుగుతుండగా ఎడమవైపు వెనుక తలుపు రెండు వేళ్ల సందు తెరుచుకుంది. గాలి రివ్వుమని లోపలికి కొట్టింది. కింద లోయ. వాడి వయసు తొమ్మిదేళ్లు. సీటు బెల్టు ఉంది కాబట్టి సరిపోయింది. ఆ బెల్టు పెట్టించడానికి ఇంటి దగ్గర వాడితో పావుగంట పోట్లాడాను. ‘‘వెనక కూర్చునేవాళ్లకు బెల్టు ఎందుకే, చాదస్తం కాకపోతే’’ అని మా అత్తగారు కూడా వాడి పక్షమే వహించారు!

మా ఆయన బండి పక్కకు ఆపి, దిగొచ్చి, తలుపు ధనామని వేశారు. ఆ తర్వాత అన్న మొదటి మాట... ‘‘గట్టిగా వేసుకోవద్దూ! మీ అమ్మ చూసుండాల్సింది.’’

నేనూ అదే అనుకున్నాను. తప్పు నాదేనని! ఆలోచించి చూడండి, మన ఇళ్లలో ఎప్పుడూ ఇంతే కదా. మిక్సీ కాలిపోతే ‘ఎక్కువసేపు తిప్పుంటావు’. కుక్కరు పేలితే ‘విజిల్ సరిగా పెట్టుండవు’. ఇస్త్రీపెట్టె షాకు కొడితే ‘తడి చేత్తో పట్టుకొనుంటావు’. వస్తువుది తప్పు కావచ్చునన్న ఆలోచన మనకు ఆఖర్న వస్తుంది. కొన్నిసార్లు రానే రాదు.

అలాంటి ఆలోచన నాకెలా వచ్చిందో, ఆ తర్వాత మా ఇంట్లో ఎంత రభస జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా కారు ఏ కంపెనీదో చెప్పను. ఇక్కడ పేరు ముఖ్యం కాదు. కింద నేను పేర్లతో సహా చెప్పే కార్లలో మాది లేదని మాత్రం మొదటే మనవి చేసుకుంటున్నాను.

రంగు ఒక్కటే నా వంతు!

రెండేళ్ల కిందట మదనపల్లెలో ఉన్న చిన్న స్థలం అమ్మి, కొంత అప్పు చేసి కారు కొన్నాం. ఎత్తుగా, ఇంటిల్లిపాదీ కూర్చునేలా ఉండే బండి. హైబ్రిడ్ అన్నారు. షోరూంలో అబ్బాయి మా ఆయనకు ఇంజను గురించి, మైలేజీ గురించి గంటసేపు చెప్పాడు. నావైపు తిరిగి, ‘‘మేడమ్, కలర్ ఏది తీసుకుంటారు?’’ అన్నాడు. అంతే! డిగ్రీ చదివాను, పత్రికలకు కథలు రాస్తాను. అయినా ఆ రోజు ‘తెలుపు’ అని ఒక్క మాట చెప్పి కూల్‌డ్రింకు తాగి వచ్చేశాను.

హైబ్రిడ్ అంటే ఏమిటో మా అమ్మాయి తర్వాత చెప్పింది. పెట్రోలు ఇంజనుతోపాటు కరెంటు మోటారు కూడా ఉంటుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు మోటారు లాగుతుంది, వేగం పెరిగితే ఇంజను అందుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని కరెంటుగా మార్చి బ్యాటరీలో దాచుకుంటుంది. మా బండిలాంటి వాటికి ప్లగ్గు పెట్టి చార్జింగు చేసే పనిలేదు. పాలమీద మీగడ తీసి వెన్న దాచుకున్నట్టన్నమాట! పెట్రోలు ఖర్చు తగ్గిన మాట నిజం.

అయితే సౌకర్యంతోపాటు కొత్త జాగ్రత్తలూ వచ్చాయి. బండి మోటారు మీద నడిచేటప్పుడు చప్పుడే ఉండదు. వీధి అరుగు మీద కూర్చున్న మా అత్తగారికి బండి పక్కనుంచి పోయేదాకా తెలియలేదు. చిన్నపిల్లలు, మేకలు, కోళ్లు తిరిగే సందుల్లో ఇది ప్రమాదమే. అందుకే అమెరికాలోనూ, యూరప్‌లోనూ ఇలాంటి వాహనాలు నెమ్మదిగా వెళ్లేటప్పుడు కావాలనే ఒక చప్పుడు చేయాలని చట్టం తెచ్చారు. ఇంకోటి... మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు. కొన్ని హైబ్రిడ్ కార్లలో బ్యాటరీ దగ్గరే దాదాపు 200 వోల్టులు ఉండి, మోటారుకు చేరేసరికి అంతకు రెండింతలు దాటుతుంది. ఆ తీగలకు నారింజరంగు తొడుగు ఉంటుంది. ఆ రంగు తీగ కనిపిస్తే మన మెకానిక్ కాదు కదా, ఎవరూ ఊరికే చెయ్యి పెట్టకూడదు. చాలా కార్లలో బ్యాటరీకి గాలి తగలడానికి వెనుక సీటు దగ్గర జాలీలాంటిది ఉంటుంది. దాన్ని దుప్పట్లతో, సంచులతో మూసేయకూడదు. ఇవన్నీ కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకం కవరు కూడా చించకుండా డ్యాష్‌బోర్డు అరలో భద్రంగా ఉంది!

‘ఏం కాదులేమ్మా...’

హార్సిలీహిల్స్ నుంచి వచ్చిన వారంలోనే బండిని వర్క్‌షాపుకు తీసుకెళ్లారు మా ఆయన. ‘‘రబ్బరు సర్దినాం సార్, ఏం కాదు’’ అన్నారట. నెల తిరక్కుండా మదనపల్లె నుంచి వస్తుంటే మళ్లీ అదే తలుపు. ఈసారి ఆ పక్కన కూర్చున్నది నేనే. తలుపు గట్టిగా వేసింది కూడా నేనే. ఒకటికి రెండుసార్లు లాగి చూసుకున్నాను. అయినా గతుకులో పడగానే ‘టక్’ మంది, డ్యాష్‌బోర్డులో తలుపు బొమ్మ వెలిగింది.

ఇక తప్పు నాది కాదని నాకు ఖాయమైపోయింది.

రెండోసారి వర్క్‌షాపుకు నేనూ వెళ్లాను. ‘‘ఏం కాదులేమ్మా, రోడ్లు బాగలేవు కదా, అప్పుడప్పుడూ అట్లయితాది’’ అన్నాడు సూపర్‌వైజరు. రోడ్లు బాగలేకపోతే తలుపులు తెరుచుకునే బండి మన పల్లెలకు ఎలా పనికొస్తుంది? ఆ మాటే అడిగితే నవ్వి ఊరుకున్నాడు. చేతికిచ్చిన కాగితం, దాన్నే జాబ్‌కార్డు అంటారు, ఇంటికొచ్చి తీరిగ్గా చదివితే గుండె గుభేలుమంది. రెండుసార్లూ మా ఫిర్యాదు గడిలో ‘జనరల్ చెకప్’ అని మాత్రమే ఉంది. తలుపు అన్న మాటే లేదు! రేపు జరగరానిది జరిగితే మేము ముందే చెప్పామనడానికి సాక్ష్యం ఏదీ?

‘అన్న బండైతే కండ్లు మూసుకోని తీసుకుంటా’

మా ఆయనకు విసుగొచ్చింది. ‘‘ఈ తలనొప్పి మనకొద్దు, అమ్మేద్దాం’’ అన్నారు. పుంగనూరులో ఉన్న నా స్నేహితురాలికి ఎలా తెలిసిందో తెలిసింది. మదనపల్లె బి.టి. కాలేజీలో డిగ్రీ మూడేళ్లూ ఒకే బెంచీలో కూర్చున్నాం. ఫోన్ చేసి, ‘‘ఏమే, అన్న బండి అమ్ముతాండాడంట కదా! మీదైతే కండ్లు మూసుకోని తీసుకుంటాం. మా పాపకు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చునేదంటే పిచ్చి’’ అంది సంబరంగా.

ఆ పాపకు అయిదేళ్లు.

ఫోను పెట్టేశాక నాకు అన్నం సయించలేదు. రాత్రి మా ఆయనతో, ‘‘తలుపు సంగతి చెప్పి అమ్ముదాం’’ అన్నాను. ‘‘నువ్వు నోరు తెరిస్తే ఒక లక్ష తగ్గిస్తారు, లేకపోతే వద్దంటారు. వర్క్‌షాపు వాళ్లే ఏం లేదంటాంటే నీకేం తెలుసు? నీ కథలు కథల్లో ఉండనీ’’ అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. స్థలం అమ్మి కొన్న బండి, బ్యాంకు అప్పు ఇంకా ఉంది. ఆయన భయం ఆయనది. కానీ నా కళ్ల ముందు లోయవైపు తెరుచుకున్న తలుపు, ఆ పక్కన మా అబ్బాయి బదులు ఆ పాప... నా కథల్లో ఆడవాళ్లు ఎంతో ధైర్యంగా నిజాలు చెప్పేస్తుంటారు. రాసేటప్పుడు అది ఎంత సులువో, ఫోను చేతిలో పట్టుకున్నప్పుడు ఎంత కష్టమో ఆ రాత్రి తెలిసింది.

తెల్లారి చెప్పేశాను. అవతల కాసేపు మాట లేదు. సాయంత్రం వాళ్లాయన ఫోన్ చేసి, ‘‘ఇప్పుడు వద్దులేక్కా’’ అన్నారు మర్యాదగా. మా ఆయన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. పెట్టింది తిని, లేచి అంగడికి వెళ్లిపోయేవారు. ఆ నాలుగు రోజులూ నేను ఊరికే కూర్చోలేదు. అసలు కారులో లోపం ఉంటే అడిగే దిక్కెవరు? అమెరికాలో ఉన్న మా ఆడపడుచును అడిగాను, బెంగళూరులో చదువుకుంటున్న మా అమ్మాయి చేత వెతికించాను. అలా తెలిసిందే మీకూ చెబుతున్నాను.

అక్కడ ఇంటికే ఉత్తరం

‘‘వదినా, ఇక్కడ కారులో లోపం బయటపడితే కంపెనీ ఉత్తరం రాసి తీరాలి. దుకాణానికి తీసుకెళ్తే పైసా తీసుకోకుండా బాగుచేస్తారు. దాన్నే రీకాల్ అంటారు’’ అంది మా ఆడపడుచు. రీకాల్ అంటే వెనక్కి పిలవడం. అమ్మిన బండ్లన్నిటినీ కంపెనీ పిలిచి, లోపమున్న భాగాన్ని సరిచేసి పంపడం. ప్రతి కారుకూ అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుతో అక్కడి ప్రభుత్వ సంస్థ వెబ్‌సైట్లో ఎవరైనా తమ బండికి రీకాల్ ఉందో లేదో చూసుకోవచ్చు. ఇదంతా ఊరికే రాలేదు. 1965లో రాల్ఫ్ నేడర్ అనే యువ న్యాయవాది కార్లలో భద్రత లేదని పుస్తకం రాసి దేశాన్ని కుదిపేశాడు. మరుసటి ఏడాదే అక్కడ చట్టం వచ్చింది.

హైబ్రిడ్ కార్లకూ ఈ పిలుపులు కొత్త కాదు. 2011 జూన్‌లో టయోటా కంపెనీ అమెరికాలో సుమారు 82,200 హైబ్రిడ్ బండ్లను వెనక్కి పిలిచింది. అవన్నీ హైలాండర్, లెక్సస్ ఆర్‌ఎక్స్ 400హెచ్ అనే కుటుంబ బండ్లే. బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టెలో టంకం సరిగా లేక, బండి దారిలో ఆగిపోవచ్చునని తేలింది. 2014 ఫిబ్రవరిలో అదే కంపెనీ ప్రపంచవ్యాప్తంగా 19 లక్షల ప్రియస్ హైబ్రిడ్ కార్లను సాఫ్ట్‌వేరు మార్చడానికి పిలిచింది. 2018 అక్టోబరులో మరోసారి 24 లక్షలకు పైగా హైబ్రిడ్ కార్లను పిలిచింది.

అన్నిటికన్నా భయం పుట్టించింది టకాటా ఎయిర్‌బ్యాగుల కథ. ఎయిర్‌బ్యాగును ఉబ్బించే చిన్న డబ్బాలోని రసాయనం వేడికీ, తేమకూ ఏళ్ల తరబడి పాడై, డబ్బా బాంబులా పగిలి లోహపు ముక్కలు ముఖంలోకి దూసుకొచ్చాయి. ప్రాణం కాపాడాల్సిన వస్తువే ప్రాణం తీసింది! ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల డబ్బాలను మార్చాల్సి వచ్చింది. మన దేశంలోనూ ఆ ఎయిర్‌బ్యాగులున్న కార్లను వెనక్కి పిలిచారు. వేడి, తేమ... రెండూ మనకు కరువా చెప్పండి?

మన దగ్గరా పిలుస్తున్నారు!

‘అవన్నీ అమెరికా ముచ్చట్లు’ అని తీసిపారేయకండి. మనకు పక్కనే బెంగళూరు, అక్కడికి దగ్గరే బిడది. అక్కడి టయోటా కర్మాగారంలో 2022లో రెండు కుటుంబ బండ్ల తయారీ మొదలైంది. ఒకటి టయోటా హైరైడర్, రెండోది మారుతి సుజుకీ గ్రాండ్ విటారా. రెండూ కవలపిల్లల్లాంటివి. హైబ్రిడ్ రకమూ ఉంది, మామూలు రకాలూ ఉన్నాయి.

2023 జనవరిలో 11,177 గ్రాండ్ విటారాలను, 4,026 హైరైడర్లను వెనక్కి పిలిచారు. వెనుక సీటు బెల్టును బండికి బిగించే భాగం కాలక్రమేణా వదులు కావచ్చునన్నది కారణం. వెనుక సీటు! మనమూ, పిల్లలూ, పెద్దవాళ్లూ కూర్చునే చోటు. అదే నెలలో మారుతి ఎయిర్‌బ్యాగు కంట్రోలరు పరీక్షించడానికి 17,362 కార్లను పిలిచింది. అందులో ఆల్టో కె10, బ్రెజా, బాలెనో లాంటి వాటితోపాటు గ్రాండ్ విటారా కూడా ఉంది. టయోటా అదే కారణంతో గ్లాంజా, హైరైడర్ కలిపి 1,390 కార్లను పిలిచింది. 2025 నవంబరులో మళ్లీ 39,506 గ్రాండ్ విటారాలు, 11,529 హైరైడర్లు! ఈసారి పెట్రోలు ఎంత ఉందో చూపించే ముల్లు, పెట్రోలు తగ్గిందని హెచ్చరించే దీపం తప్పు చూపవచ్చునట. ‘ఇదేం పెద్ద లోపం’ అనిపిస్తుంది. కానీ రాత్రిపూట, పసిపిల్లతో, ఊరూవాడా లేని చోట పెట్రోలు అయిపోయి బండి ఆగిపోతే? ఆ కష్టం పడినవాళ్లకే తెలుస్తుంది.

ఈ అంకెలు చూసి ‘అయ్యో, ఆ బండ్లు మంచివి కావేమో’ అనుకోవద్దు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. మా అమ్మాయి నవ్వి, ‘‘పిలిచి బాగుచేసేవాళ్లు నయం కదమ్మా, లోపం తెలిసీ నోరు మూసుకునేవాళ్ల కంటే!’’ అంది. నిజమే. స్నేహితురాలికి చెప్పాలా వద్దా అని ఒక రాత్రంతా కొట్టుమిట్టాడినదాన్ని నేను... కంపెనీకైనా అంతే కదా.

అసలు చిక్కు ఎక్కడంటే, పిలుపు మనకు చేరకపోవడం. ఫోను నంబరు మారి ఉంటుంది, అద్దె ఇల్లు మారి ఉంటాం, బండి సెకండ్‌హ్యాండుది అయితే కబురు పాత యజమానికి వెళుతుంది. వచ్చినా ‘ఏదో అడ్వర్టైజుమెంటు’ అని చూడకుండా తీసేస్తాం.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో కార్ల కంపెనీలు తమంతట తాము వెనక్కి పిలవడానికి ఒక నియమావళి 2012లో వచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ అనే సెక్షను చేర్చారు. ప్రమాదకరమైన లోపం ఉంటే ప్రభుత్వమే కంపెనీని ‘వెనక్కి పిలువు’ అని ఆదేశించవచ్చు. దీని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లలోపు బండ్లకు ఇది వర్తిస్తుంది. ఇలా ప్రభుత్వమే ఆదేశించాల్సి వస్తే కంపెనీకి రూ.10 లక్షల నుంచి రూ.కోటి దాకా జరిమానా. లోపాన్ని తానే కనిపెట్టి ముందే చెప్పిన కంపెనీకి ఆ జరిమానా ఉండదు.

ప్రభుత్వం కదలాలంటే ఎందరు ఫిర్యాదు చేశారన్నది లెక్కలోకి వస్తుంది. ఆ ఫిర్యాదులు తీసుకోవడానికి కేంద్ర రవాణాశాఖ వారి వాహన్ వెబ్‌సైట్లో వెహికల్ రీకాల్ అనే విభాగం ఉంది. అంటే మనం ‘ఎందుకులే’ అని ఊరుకున్న ప్రతిసారీ ఆ లెక్క ఒకటి తగ్గుతోందన్నమాట! మన ఒక్కరి కాగితంతో ఏమవుతుందనుకోవద్దు. చుక్కా చుక్కా చేరితేనే కదా చెరువు నిండేది.

ఇక 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉండనే ఉంది. లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారు జవాబు చెప్పాలని అందులో ప్రత్యేకంగా రాశారు. రూ.50 లక్షల లోపు చెల్లించి కొన్న వస్తువుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. అదీ మనం ఉంటున్న జిల్లాలోనే! కారు బెంగళూరులో కొన్నా, అక్కడికి తిరగనక్కర్లేదు. కొన్న ధర రూ.5 లక్షల దాకా ఫీజు లేదు, రూ.10 లక్షల నుంచి 20 లక్షల దాకా రూ.400 మాత్రమే. రెండేళ్లలోపు వేయాలి.

కోర్టుల్లో న్యాయం దొరుకుతుందా అంటారా? 2015లో క్రెటా కారు కొన్న ఢిల్లీ వాసి ఒకరికి 2017లో ప్రమాదం జరిగింది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఆయన వినియోగదారుల కమిషన్‌కు వెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. 2022 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. రూ.3 లక్షల పరిహారం, కారు మార్చి ఇవ్వడం సబబేనంది కోర్టు. ఎంత వేగంతో, ఎంత బలంతో గుద్దితే ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుందో లెక్కలు కట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని కూడా చెప్పింది. ‘నీకేం తెలుసు’ అనిపించుకునే మనబోటివాళ్లకు ఎంత బలమిచ్చే మాట! తలుపు ఎందుకు తెరుచుకుంటోందో నేను చెప్పలేకపోవచ్చు. తెరుచుకుంటోందని చెప్పగలను. అది చాలు.

అయిదో రోజు...

అయిదో రోజు రాత్రి మా ఆయన భోంచేసి లేచి, కారులో ఉన్న కాగితాలన్నీ తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టారు. ‘‘రాయి. నీకు రాసేది వచ్చు కదా’’ అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు!

కథ రాసినట్టు కాక, పాలలెక్క రాసినట్టు రాశాను. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ రోడ్డు మీద, అప్పటికి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఆ తలుపు పక్కన ఎవరు కూర్చున్నారు, వర్క్‌షాపులో ఏమన్నారు... అంతే. తలుపు బొమ్మ వెలిగినప్పుడు మా అమ్మాయి తీసిన ఫొటో, రెండు జాబ్‌కార్డుల నకళ్లు జతచేశాం. మా అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి కంపెనీ పెద్ద ఆఫీసుకు మెయిల్ పంపింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోన్ చేసి అక్కడా ఫిర్యాదు నమోదు చేయించాను. తెలుగులోనే మాట్లాడాను.

మూడో రోజున ఫిర్యాదు నంబరుతో జవాబు వచ్చింది. పదకొండో రోజున వర్క్‌షాపు నుంచి ఫోను! ఈసారి కంపెనీ ఇంజనీరు కూడా వచ్చారు. తలుపు గడియ విప్పి చూసి, లోపలి స్ప్రింగు సరిగా కూర్చోవడం లేదని, మొత్తం గడియే కొత్తది వేశారు. డబ్బు తీసుకోలేదు. జాబ్‌కార్డులో ‘వెనుక ఎడమ తలుపు గడియ మార్పు’ అని రాసేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. ‘‘ఇట్లాంటి బండ్లు ఇంకా ఉన్నాయా?’’ అని అడిగితే ఆ ఇంజనీరు నేలచూపులు చూస్తూ, ‘‘పైకి రాస్తామమ్మా’’ అన్నాడు.

వాళ్లు రాస్తారో లేదో, నేను మాత్రం వాహన్ వెబ్‌సైట్లో రాశాను. మాది ఒక్కటే అలాంటి బండి అయితే అంతకన్నా సంతోషం లేదు. కాకపోతే... ఇంకే తల్లో నాలాగే ‘నేనే సరిగా వేయలేదేమో’ అనుకుంటూ ఉంటుంది కదా.

బండి అమ్మలేదు. మొన్న పుంగనూరు వెళ్లాం. నా స్నేహితురాలి కూతురు కారెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బెల్టు నేనే పెట్టాను. ‘‘మా ఆయన ఇప్పటికీ అంటాడే, మీ అక్క చెప్పకుంటే మనకేం తెలిసుండేది అని’’ అంది తను నెమ్మదిగా. అది విని మా ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. కానీ ఆ వేళ బయలుదేరే ముందు నాలుగు తలుపులూ తానే లాగి చూశారు. నాకది చాలు!

ఇవి గుర్తుంచుకోండి

• కారుతో ఇచ్చిన పుస్తకం చదవండి. కనీసం డ్యాష్‌బోర్డు మీద వెలిగే బొమ్మల పేజీ అయినా చూడండి. ఎర్రదీపం వెలిగితే బండి ఆపి చూడాల్సిందే.

• ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు డైరీలో రాసుకోండి. ఆర్నెల్లకోసారి కంపెనీ వెబ్‌సైట్లో ఆ నంబరు కొట్టి రీకాల్ ఉందేమో చూడండి. చూడటం రాకపోతే సర్వీసుకు వెళ్లినప్పుడు అడగండి.

• ఫోను నంబరు, చిరునామా మారితే షోరూంలోనూ, ఆర్‌సీలోనూ మార్పించండి.

• సెకండ్‌హ్యాండు కారు కొనేటప్పుడు పాత రీకాల్ పనులు పూర్తయ్యాయో లేదో కాగితం అడగండి. చేతులు మారినా ఆ పని ఉచితమే.

• జాబ్‌కార్డులో మీరు చెప్పిన లోపం మీ మాటల్లోనే రాయించండి. చదివాకే సంతకం పెట్టండి. నకలు దాచుకోండి.

• హైబ్రిడ్ బండి వెనుక సీటు దగ్గర గాలి జాలీని మూయకండి. నారింజరంగు తీగల జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి. ఇంటి ముందు బండి తీసేటప్పుడు పిల్లలు, ముసలివాళ్లు ఎక్కడున్నారో ఒకసారి చూడండి.

• వెనుక సీట్లోనూ బెల్టు తప్పదు. పెట్టుకోకపోతే రూ.1,000 జరిమానా ఉంది. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రాణం పోయింది వెనుక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నప్పుడే. జరిమానా సంగతి అలా ఉంచండి. మా అబ్బాయి ఇవాళ నా పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాడంటే ఆ బెల్టు చలవే.

స్టీరింగు మన చేతిలో ఉన్నా లేకపోయినా, ఆ బండిలో వెళ్లేది మన ప్రాణాలే. వంటింట్లో గ్యాసుబండ వాసన చూసినంత శ్రద్ధగా వీధిలో నిలబెట్టిన కారునూ గమనిద్దాం. ‘నీకేం తెలుసు’ అని ఎవరైనా అంటే, ‘తెలుసుకుంటాను’ అందాం. ఏమంటారు?